ఉప్పు, చక్కెర, నీరు: ఒక సలహా చరిత్ర

పసిబిడ్డకు నీళ్ళ విరేచనములు పట్టుకొన్నవని తల్లి వైద్యుని యొద్దకు పరుగెత్తినచో, నేడాయన చెప్పు మొదటిమాట చాల సామాన్యముగా ఉండును. “ఓఆర్ఎస్ పొట్లం నీళ్ళలో కలిపి గుక్కగుక్కగా పట్టించమ్మా. పాలు మాన్పించవద్దు” అని ఆయన చెప్పును. సూదిమందు వేయలేదే, సీసాడు మందైనా వ్రాయలేదే అని తల్లికి వెలితిగా తోచును. ‘లంఖణం పరమౌషధం’ అను సామెతను నమ్మిన ఇంటి పెద్దలకు ఈ సలహా తలక్రిందుగా కూడ కనబడును. కడుపు చెడినప్పుడు కడుపును ఎండగట్టవలెను గాని, ఇంకను నీరు పోయుట ఏమి అని వారి సందేహము.

ఈ సందేహము వారిది మాత్రమే కాదు. గొప్ప వైద్యశాస్త్రజ్ఞులకును ఇది చిరకాలము పట్టి ఉండెను. ఉప్పు, చక్కెర, నీరు అను మూడు వస్తువులు ప్రాణము నిలుపునని తేలుటకు దాదాపు 140 సంవత్సరములు పట్టినది. ఆ కథ తెలిసినచో, వైద్యుని చిన్నమాట ఎంత విలువైనదో బోధపడును.

విరేచనములలో మనిషిని చంపునది ఏది? చాలసార్లు అది సూక్ష్మజీవి నేరుగా చేయు హత్య కాదు. శరీరమునుండి నీరును, లవణములును పోవుటయే మరణకారణము. పెద్దవారి శరీరభారములో సుమారు 60 శాతము నీరే. పసివారిలో అది ఇంకను హెచ్చు. కలరా తీవ్రముగా సోకిన రోగి గంటకు ఒక లీటరు వరకు నీటిని కోల్పోవచ్చును. అప్పుడు కన్నులు లోతుకు పోవును, చర్మము ముడతలు పడును, నాడి అందదు, కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును.

1817లో బంగాళములో ప్రబలిన కలరా క్రమముగా ఆసియా అంతట వ్యాపించి, 1831 చివరకు ఇంగ్లండు చేరినది. ఆనాటి వైద్యులు రోగికి రక్తము తీయుట, పాదరసముతో చేసిన విరేచనౌషధము లిచ్చుట మున్నగు చికిత్సలు చేయుచుండిరి. అనగా ఎండిపోవుచున్న చెరువునకు ఇంకొక గండి కొట్టుచుండిరి! అట్టి సమయమున విలియం బ్రూక్ ఓషానసీ అను 22 ఏండ్ల ఐరిష్ వైద్యుడు కలరా రోగుల రక్తమును పరీక్షించెను. దానిలో నీరును, లవణములును తగ్గిపోయినవనియు, పోయినదానిని తిరిగి చేర్చుటయే చికిత్స కావలెననియు అతడు ప్రకటించెను. ఈ ఓషానసీయే తరువాత కలకత్తాకు వచ్చి, వైద్యకళాశాలలో బోధించి, భారతదేశమున టెలిగ్రాఫు తీగెలు వేయించెను.

ఆ మాటను ఆచరణలో పెట్టినవాడు స్కాట్లండులోని లీత్ రేవునకు చెందిన థామస్ లాట్టా. 1832లో అతడు చావుబ్రతుకులలో ఉన్న ఒక వృద్ధురాలి సిరలోనికి ఉప్పునీరు ఎక్కించెను. ఆమె ముఖమున కళ వచ్చినది, నాడి అందినది. కాని విరేచనములు మరల మొదలైనప్పుడు మరల నీరు ఎక్కించు ఏర్పాటు లేక, కొన్ని గంటలలో ఆమె మరణించెను. తరువాత కొందరు రోగులు ఈ పద్ధతిచే బ్రతికిరి. కాని నీటిని సూక్ష్మజీవులు లేకుండ శుద్ధిచేయవలెనను జ్ఞానము అప్పటికి లేదు. మరుసటి సంవత్సరమే లాట్టా మరణించెను. అతని పద్ధతి మూలబడినది.

1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తాలో పరిశోధించి, కలరాకు కారణమైన సూక్ష్మజీవిని లోకమునకు చూపెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆ నగరమందే లెనార్డ్ రోజర్స్ సిరలోనికి ఉప్పునీరెక్కించు చికిత్సను క్రమబద్ధము చేసి, మరణములను చాలవరకు తగ్గించెను. కాని ఈ చికిత్సకు శుద్ధిచేసిన ద్రావణము, సూదులు, గొట్టములు, తర్ఫీదు పొందిన మనుష్యులు కావలెను. ఆసుపత్రికి చేరినవానికే అది అందును. కలరా వచ్చునది ఎక్కువగా ఆసుపత్రి లేని పల్లెలకు, వరదలలో, యుద్ధములలో చిక్కిన జనమునకు.

మరి నోటితో త్రాగించినచో చాలదా? చాలమంది ప్రయత్నించిరి. వట్టి నీరు గాని, వట్టి ఉప్పునీరు గాని ఇచ్చినచో రోగి పేగు దానిని తగినంతగా పీల్చుకొనదు. అందుచే కలరాలో పేగు లోపలిపొర చెడిపోవుననియు, బాగుపడువరకు దానికి విశ్రాంతి నీయవలెననియు వైద్యులు తలచిరి. మన పెద్దల లంఖణమునకు ఈ విధముగా శాస్త్రము యొక్క అండ కూడ దొరకినది.

ఈ అభిప్రాయమును కదలించిన పరిశోధనలలో రెండు కలకత్తాకు చెందినవి. 1953లో హేమేంద్రనాథ్ చటర్జీ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటితో ఇచ్చి, అంత తీవ్రము కాని కలరా రోగులు 186 మందికి నయము చేసి, ఆ సంగతిని లండనులోని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించెను. కాని పోల్చి చూచుటకు వేరొక రోగుల జట్టు లేనందున, శాస్త్రలోకము దానిని అంతగా పట్టించుకొనలేదు. 1959లో శంభునాథ్ డే కలరా సూక్ష్మజీవి ఒక విషమును విడుచుననియు, ఆ విషమే పేగులోనికి నీటిని ఊరించుననియు కుందేళ్ళపై ప్రయోగములచే నిరూపించెను.

మరుసటి సంవత్సరము, అనగా 1960లో, రాబర్ట్ క్రేన్ అను అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుడు ప్రేగ్ నగరమున జరిగిన సభలో ఒక కొత్త సంగతి చెప్పెను. చిన్నపేగు గోడలో గ్లూకోజునకు ఒక ప్రత్యేక ద్వారము కలదు. సోడియం తోడు రానిదే ఆ ద్వారము గ్లూకోజును లోనికి పోనీయదు. ఈ రెండును జంటగా లోనికి పోవును. వాని వెంట నీరును పోవును. కలరా విషము నీటిని బయటికి ఊరించునే గాని, ఈ ద్వారమును మాత్రము చెరుపదు. వట్టి ఉప్పునీరు ఎందుకు పనిచేయదో, చక్కెర చేరినచో ఎందుకు పనిచేయునో ఇందువలన తెలిసినది. ఇచట చక్కెర రుచి కొరకు కాదు. ఉప్పును, నీటిని వెంటబెట్టుకొని పోవుట కొరకు.

అయినను దారి ఇంకను సుగమము కాలేదు. 1962లో మనీలాలో జరిగిన ఒక ప్రయత్నములో ద్రావణపు పాళ్ళు, కొలతలు సరిగా కుదరక కొందరు రోగులు మరణించిరి. తరువాత ఢాకాలోని కలరా పరిశోధనాలయమున డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అను యువవైద్యులు ఆ లోపమును సరిదిద్దిరి. రోగి ఎంత నీరు కోల్పోవుచున్నాడో కొలిచి, అంత ద్రావణమును త్రాగించిరి. సిరలోనికి ఎక్కింపవలసిన ద్రవము సుమారు 80 శాతము తగ్గినదని 1968లో వారు ప్రకటించిరి. కలకత్తాలోను ఆ కాలముననే ఇట్టి ఫలితములు వచ్చినవి.

ఇవన్నియు వైద్యుల కనుసన్నలలో జరిగిన ప్రయోగములు. వైద్యుడు లేని చోట ఇది పనిచేయునా? దీనికి సమాధానము 1971లో దొరకినది. నాటి తూర్పు పాకిస్తానులో యుద్ధము చెలరేగగా, సుమారు కోటిమంది శరణార్థులు భారతదేశమునకు వచ్చిరి. సరిహద్దు ప్రక్కనున్న బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేలమీదనే పడియుండిరి. సిరలోనికి ఎక్కించు ద్రావణపు సీసాలు అడుగంటినవి. అచట పనిచేయుచున్న దిలీప్ మహలనాబిస్ అను బాలవైద్యుడు ఒక నిర్ణయము చేసెను. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లములు కట్టించి, పీపాలలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నోటి మందనిన జనమునకు నమ్మకము చాలదేమో యని దానికి ‘నోటి సెలైను’ అని పేరు పెట్టిరి. శరణార్థులలో 30 శాతము వరకు ఉండిన మరణములు ఆయన చూచిన రోగులలో 3.6 శాతమునకు దిగినవి. వైద్యుని చేతిలోని గిన్నె తల్లి చేతికి మారినను, ప్రాణము నిలిచినది. మహలనాబిస్ 2022లో మరణించెను. 2023లో భారత ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ ప్రకటించినది.

1978లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ చికిత్సను అన్ని దేశములకు వ్యాపింపజేయుటకు పూనుకొన్నది. బంగ్లాదేశములో బ్రాక్ అను స్వచ్ఛంద సంస్థ 1980 మొదలు పదేండ్లపాటు గ్రామస్త్రీలను ఇంటింటికి పంపి, కోటి ఇరువది లక్షలకు పైగా కుటుంబములకు దీనిని నేర్పెను. మూడువ్రేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అరసేరు నీరు. ఇదే వారి పాఠము. కొంతకాలము తరువాత వేరొకరు పోయి తల్లులను పరీక్షింతురు. వారికి పాఠము ఎంత గుర్తున్నదో, నేర్పినవారికి జీతము అంత! చెప్పుట ముఖ్యము కాదు, అవతలివారికి అందుట ముఖ్యమను ఈ నియమము ఉపాధ్యాయులు ఆలోచింపదగినది.

1980 ప్రాంతమున అతిసారముచే లోకములో ఏటా సుమారు 46 లక్షల పసివారు మరణించుచుండిరి. నేడా సంఖ్య సుమారు నాలుగున్నర లక్షలని అంచనా. మంచినీరు, పారిశుద్ధ్యము, టీకాలు, పోషణ కూడ ఇందుకు కారణములే. కాని ఉప్పు చక్కెర నీటి పాలు తక్కువది కాదు. మిగిలిన మరణములలో పెక్కు ఆపదగినవి కావుననే ఈ సలహా నేటికిని పాతబడలేదు.

సలహా సులభమే గాని, కొలత తప్పరాదు. 2002లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సవరించిన పాళ్ళ ప్రకారము లీటరు ద్రావణములో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు ఉండవలెను. పొట్లముపై వ్రాసినంత నీటిలో పొట్లమంతయు ఒకేసారి కలుపవలెను. పొట్లము దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలుపవచ్చును. చెంచాను గోపురముగా కాక అంచువరకే నింపవలెను. ఉప్పు హెచ్చినచో బిడ్డకు ప్రమాదము. చక్కెర హెచ్చినచో విరేచనములు పెరుగును. తీపి పానీయములు ఇందుకు బదులు కావు. అట్టి పానీయములు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడగుటపై హైదరాబాదుకు చెందిన ఒక బాలవైద్యురాలు ఏండ్ల తరబడి పోరాడెను. ప్రమాణమునకు సరిపడని పానీయములపై ఆ పేరు ఉండరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించినది.

ఒకసారి కలిపిన ద్రావణమును 24 గంటలు దాటినచో పారబోయవలెను. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దపిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు పట్టవలెను. వాంతి అయినచో పది నిమిషములు ఆగి, మరల మెల్లగా పట్టవలెను. తల్లిపాలు, మెత్తని అన్నము, ఉప్పు వేసిన గంజి మానరాదు. వైద్యుడు జింకు మాత్రలు కూడ ఇచ్చును. బిడ్డ మగతగా ఉన్నను, త్రాగలేకపోయినను, కన్నులు లోతుకు పోయినను, మూత్రము ఆగినను, మలములో రక్తము కనబడినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొని పోవలెను.

ఇంకొక సంగతి తల్లులకు ముందే చెప్పవలెను. ఈ నీరు విరేచనములను వెంటనే ఆపదు. అవి కొన్ని దినములలో వానియంతట అవే తగ్గును. అంతవరకు బిడ్డను బ్రతికించి ఉంచుటయే దీని పని. ఈ మాట తెలియకనే చాలమంది ఇది పనిచేయలేదని మధ్యలో మానివేయుదురు.

పాఠశాలలో లీటరు పాత్ర, ఒక చెంచా, ఉప్పు, చక్కెర ఉన్నచో ఈ పాఠమును చేసి చూపవచ్చును. నేర్చిన విద్యార్థి తన యింట దానిని మరల చేసి చూపును. ఓషానసీ రక్తపరీక్షతో మొదలైన విద్య అవసరమైన చేతికి చేరుటకు అంతకన్న దగ్గరి దారి లేదు.