సొంత అచ్చుకూటం, రేపటి కథలు

సైన్స్ ఫిక్షన్ అంటే మనలో చాలామందికి ఇంగ్లీషు సినిమాలే గుర్తుకొస్తాయి. అంతరిక్ష నౌకలు, రోబోలు అన్నీ అమెరికావాళ్ళ సొత్తు అనుకుంటాం. కానీ చరిత్ర చూస్తే ఇందులో తెలుగువాళ్ళ పాత్ర కూడా ఉంది. అది పెద్ద కంపెనీల వల్ల వచ్చింది కాదు, చిన్న పత్రికలు నడిపినవాళ్ళ వల్ల వచ్చింది.

కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. మొదట్లో మద్రాసులో అచ్చు వేయించేవారు. తర్వాత రాజమహేంద్రవరంలోనే అచ్చుకూటం పెట్టుకున్నారు. బాల్యవివాహాలు, లంచాలు, మూఢనమ్మకాల మీద రాస్తుంటే తిట్టేవాళ్ళు చాలామంది ఉండేవారు. అలాంటి రాతలు రాసేవాడికి సొంత అచ్చుకూటం ఉండటం ఎంత బలమో ఆలోచించండి!

ఆయనే 1890లలో ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాశారు. ఇంగ్లీషు రచయిత స్విఫ్ట్ 1726లో ప్రచురించిన గలివర్ ప్రయాణాలు దీనికి ప్రేరణ. సత్యరాజు వెళ్ళిన ఒక దేశంలో ఆడవాళ్ళదే పెత్తనం, ఆంక్షలన్నీ మగవాళ్ళకే. ఇందులో యంత్రాలు లేవు కాబట్టి దీన్ని సైన్స్ ఫిక్షన్ అనలేం. కానీ “ఇలా ఉంటే ఏమవుతుంది?” అనే ప్రశ్న ఉంది. సైన్స్ ఫిక్షన్‌కు వేరు ఆ ప్రశ్నే కదా.

ఆ రాజమహేంద్రవరంలోనే పుట్టిన కమలా సత్యనాథన్ 1901లో మద్రాసు నుంచి ‘ఇండియన్ లేడీస్ మ్యాగజీన్’ అనే ఇంగ్లీషు పత్రిక స్థాపించి, తానే సంపాదకురాలిగా నడిపారు. 1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా హుస్సేన్ రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ ఆ పత్రికలోనే వచ్చింది. ఆ కథలో ఆడవాళ్ళు ఎండ వేడిని కూడగట్టి శత్రుసైన్యాన్ని తరిమేస్తారు, గాలిలో ఎగిరే బండ్లలో తిరుగుతారు. మగవాళ్ళు పరదా చాటున ఉంటారు. ఈరోజు మన మేడల మీద సోలార్ పలకలు చూస్తున్నాం. ఆమె వందేళ్ళకు పైగా ముందే ఎండతో పని చేయించే లోకాన్ని ఊహించింది. ఒక తెలుగు మహిళ నడిపిన పత్రికలో దానికి చోటు దొరికింది. ఇది మనం గర్వించాల్సిన విషయం.

ఇప్పుడు మన బెంగళూరు సంగతి చూద్దాం. లావణ్య లక్ష్మీనారాయణ్ 2020లో ‘అనలాగ్/వర్చువల్’ అనే ఇంగ్లీషు పుస్తకం రాశారు. అందులో బెంగళూరు ‘ఎపెక్స్ సిటీ’గా మారిపోతుంది. బాగా పనిచేసేవాళ్ళకే సౌకర్యాలు. అడుగున ఉన్న పది శాతం మందిని నగరం బయటకు తోసేస్తారు, వాళ్ళకు కరెంటు కూడా ఉండదు. ఆ పుస్తకమే విదేశాల్లో ‘ది టెన్ పర్సెంట్ థీఫ్’ పేరుతో వచ్చి, 2024లో ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు తుది జాబితాకు చేరింది. మార్కులు, ర్యాంకుల మధ్య చదివే మనకు ఆ భయం కొత్తేమీ కాదు.

పుస్తకం వేయడం కూడా ఇప్పుడు సులువైంది. మన ఊళ్ళోనే 2008లో మొదలైన పోతీ డాట్ కామ్ లాంటి సంస్థల ద్వారా రచయితలు సొంతంగా పుస్తకం తెచ్చుకోవచ్చు. ఆర్డరు వచ్చినప్పుడే ఒక్క కాపీ అయినా అచ్చు వేస్తారు. కాబట్టి వెయ్యి కాపీలు వేసి, అమ్ముడుపోక అటక మీద పడేసుకునే బాధ లేదు.

మరి లోటేమిటి? పంతులు గారి కాలంలో అచ్చు వేయడం కష్టం, అయినా రాశారు. ఇప్పుడు అచ్చు సులువు, రాసేవాళ్ళు కావాలి. మనకు ఇంట్లో, బడిలో తెలుగు, వీధిలో కన్నడం, ఫోన్‌లో ఇంగ్లీషు. రేపటి గురించి ఇంగ్లీషులోనే ఆలోచిస్తే, తెలుగు నిన్నటి సంగతులు చెప్పుకోవడానికి మాత్రమే మిగులుతుంది. చెరువులు ఎండిపోయిన బెంగళూరు ఎలా ఉంటుంది? మన మనవలు ఏ భాషలో పోట్లాడుకుంటారు? ఇవన్నీ తెలుగులో రాయదగ్గ కథలే. మొదట అచ్చు కావడానికి పెద్ద ప్రచురణకర్త అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న ఈ పత్రిక చాలు.