నీటి అడుగున నోరు పిడచకట్టడమా?

బల్మూరు చుట్టుపక్కల ఊళ్లలో వేసవి సెలవులకు బావిలో దూకి ఈత నేర్చుకున్నవారు మీలో ఎందరో ఉంటారు. ఊపిరి బిగబట్టి మునిగి, అడుగునుంచి ఇసుక తెచ్చి చూపించిన రోజులలో మీకు కళ్లు మండి ఉంటాయి, చెవులు దిబ్బడవేసి ఉంటాయి. నోరు మాత్రం ఎండి ఉండదు. అదే మీరు ఇవాళ విశాఖపట్నం రుషికొండ దగ్గర వీపుకు సిలిండరు తగిలించుకొని ముప్పావుగంట సముద్రంలో ఉండి పైకి వస్తే, మొదట అడిగేది మంచినీళ్లు. నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉంటుంది. చుట్టూ అంత నీరు ఉండగా నోరు పిడచకట్టడానికి కారణం తెలియాలంటే కొంత చరిత్రలోకి వెళ్లాలి.

తొలినాటి గజ ఈతగాళ్లకు ఈ బాధ అంతగా లేదు. 1830లలో లండన్‌లో ఆగస్టస్ సీబె తయారుచేసిన రాగి శిరస్త్రాణంలోకి ఒడ్డునుంచి చేతిపంపుతో గాలి కొట్టేవారు. అది మామూలు గాలి, దానిలోని తేమ దానిలోనే ఉండేది. పైగా మనిషి విడిచిన ఆవిరి కూడా ఆ రాగి బుర్రలోనే తిరిగేది. 1878లో హెన్రీ ఫ్లూస్ రూపొందించిన పరికరం మరొక తరహాది. విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును క్షారంతో పీల్చివేసి, మిగిలినదానిని మళ్లీ వాడుకొనేది. ఆ రసాయన చర్యలో వేడి, నీరు రెండూ పుడతాయి గనుక లోపలికి వెళ్లే గాలి వెచ్చగా, తడిగానే ఉండేది.

చిక్కు 1943తో మొదలైంది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో ఝాక్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ కలిసి ఆక్వాలంగ్‌ను సిద్ధం చేశారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక గ్యాసుతో నడిపిన మోటారుకార్ల కోసం గాన్యాఁ చేసిన కవాటమే దానికి మూలం. సిలిండరులో గాలిని సుమారు 200 రెట్ల పీడనానికి కుదించాలి. అలా కుదించినప్పుడు తేమ నీరుగా విడిపోతుంది. మిగిలిన కొద్దిపాటి తేమను కూడా వడపోత పదార్థాలతో కావాలనే తీసివేస్తారు. తీయకపోతే ఉక్కు సిలిండరు లోపల తుప్పు పడుతుంది, చల్లని నీటిలో కవాటం గడ్డకట్టి గాలి అదుపు తప్పుతుంది. ప్రాణం కాపాడటానికే గాలిని ఎండగట్టారన్నమాట.

ఆ పొడిగాలి మీ ఊపిరితిత్తులకు చేరేసరికి 37 డిగ్రీల వేడికి, లీటరుకు 44 మిల్లీగ్రాముల ఆవిరికి రావాలి. మామూలుగా ఈ చాకిరీలో ఎక్కువ భాగం ముక్కు చేస్తుంది. స్కూబాలో ముక్కు కళ్లద్దాల కింద బందీ. పని అంతా నోటిమీద, గొంతుమీద పడుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 15 లీటర్ల చొప్పున 40 నిమిషాలు పీలిస్తే 600 లీటర్లు. పోయే నీరు 25 మిల్లీలీటర్లకు అటూ ఇటూ, అయిదు చెంచాలు. లోతుకు వెళ్లేకొద్దీ ఇది కూడా పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. గాలిలో పట్టే ఆవిరి దాని వేడిమిని, పరిమాణాన్ని అనుసరిస్తుంది, పీడనాన్ని కాదు. లోతులో పెరిగేది ఊపిరి ద్వారా పోయే వేడి. ఒంట్లో నీరు నిజంగా తగ్గేది వేరే దారిన: నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం గుండెవైపు చేరగా మూత్రపిండాలు అది అధికమని భావించి మూత్రాన్ని పెంచుతాయి.

నోటి బాధకు మందు మాత్రం ఆసుపత్రినుంచి వచ్చిందంటే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చిన రోగికి కూడా ముక్కు పనిచేయదు. అటువంటివారికి వైద్యులు గొట్టం చివర సన్నని లోహపు జాలి అమర్చారు. విడిచే ఊపిరిలోని ఆవిరి జాలిమీద చెమర్చుతుంది, తరువాత పీల్చే గాలి ఆ తడిని వెంట తీసుకువెళుతుంది. దీనినే ‘స్వీడిష్ ముక్కు’ అన్నారు. అమెరికాలోని షెర్వుడ్ కంపెనీ తన రెగ్యులేటరులో నోటి దగ్గర ఉంచిన రేకుల వరుస చేసేది సరిగ్గా ఇదే. మరొక రకంలో గాలిగొట్టం దారిలో చిన్న డబ్బీ, అందులో తడిపిన స్పాంజి ఉంటాయి.

విశాఖకు ఈ లోతుల చరిత్ర కొత్త కాదు. 1971 డిసెంబరులో ఆ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరకు మన నౌకాదళ ఈతగాళ్లు దిగారు. అదే ఏడాది నౌకాదళంలో చేరిన ‘నిస్తార్’ పేరుతో, హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన కొత్త నౌక 2025 జూలై 18న విశాఖలోనే విధులలో చేరింది. అటువంటి నౌకలమీద రోజుల తరబడి పీడనగదులలో ఉండేవారికి గదిలోని తేమను కూడా కొలిచి అదుపులో ఉంచుతారు.

మీరు సరదాకు దిగేవారైతే డబ్బీ కొనేముందు ఒకటి గమనించండి. పడవలో వాంతులు రాకుండా వేసుకొనే మాత్రలు, జలుబు మాత్రలు చాలావరకు నోటిని ఎండబెట్టేవే. ఆ మాత్ర మింగి, నెపం సిలిండరుమీద వేసేవారిని చూశాను. మాత్ర వేసుకోకుండానే నోరెండితే డబ్బీ ఉపయోగపడుతుంది. స్పాంజిని మంచినీటితోనే తడపాలి; ఇంటికి వచ్చాక విప్పి, కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టాలి. తడి స్పాంజిని సంచిలో మరచిపోతే బూజు పడుతుంది, తరువాతిసారి మీరు పీల్చేది ఆ బూజుమీదుగా వచ్చిన గాలినే.