బూరుగు ముళ్ళు – బంగారు మందు



మొటిమను మన ప్రాచీన వైద్యులు పెద్ద జబ్బుల వరుసలో నిలబెట్టలేదు. సుశ్రుతసంహితలో అది క్షుద్రరోగాల పట్టికలో కనిపిస్తుంది. పేరు మాత్రం కఠినమైనదే: 'ముఖదూషిక'. ముఖాన్ని దూషించేది, అనగా చెడగొట్టేది అని అర్థం. యువజనుల ముఖంపై బూరుగు ముళ్ళవలె లేచే పిడకలని దాని లక్షణం చెప్పారు. (ఈ పిడక సంస్కృతపు పిడక, అంటే కురుపు. మన పేడ పిడక కాదు సుమా!) ముళ్ళబూరుగు మానును దగ్గరగా చూసినవారికి ఈ పోలిక ఎంత నిశితమైనదో తెలుస్తుంది. అడుగున వెడల్పు, కొనన సూది.

చికిత్స దగ్గర సుశ్రుతుడు రెండు దారులు చూపించాడు. వస, లొద్దుగ, సైంధవలవణం, ఆవాలు నూరి పైపూతగా పట్టించడం ఒకటి. వమనం చేయించి లోపలి దోషాన్ని వెడలగొట్టడం రెండవది. ముఖం మీది ముల్లును తీయడానికి కడుపులోకి మందు పంపాలన్న ఆలోచన, కాబట్టి, నిన్న మొన్నటిది కాదు. అయితే గత డెబ్భై అయిదేళ్ళుగా ఆ లోపలి దారిన నడుస్తున్న మందు వేరు. దాని పేరు టెట్రాసైక్లిన్. దాని పుట్టుకలో మన తెలుగువాడి చేయి ఉంది. ముఖం కోసం మింగిన మందు ముఖం దగ్గరే ఎందుకు ఆగదో దాని చరిత్రే చెబుతుంది. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పండితుణ్ణి. వైద్యసలహా ఇవ్వడం నా పని కాదు. చరిత్రను చదివి చెప్పడం వరకే నా అధికారం.

కథ ఒక పొలంలో మొదలవుతుంది. అమెరికాలో మిస్సౌరీ విశ్వవిద్యాలయం వారికి కొలంబియా పట్టణంలో సాన్‌బర్న్ క్షేత్రమని ఒక ప్రయోగభూమి ఉంది. 1888 నుండి అక్కడ పంటల ప్రయోగాలు సాగుతున్నాయి. 1945లో ఆ పొలంలోని 23వ మడి నుండి తీసిన చారెడు మట్టి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలకు చేరింది. ఆ మట్టిని పరీక్షించినవాడు బెంజమిన్ డగ్గర్. డెబ్భై ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రాచార్యుడు, విశ్వవిద్యాలయం నుండి విశ్రాంతి పొందిన తర్వాత ఈ కొలువులో చేరినవాడు. (నాబోటి విశ్రాంత ఉపాధ్యాయులకు ఈ వివరం కాస్త ఉత్సాహాన్నిస్తుంది!) ఆ మట్టిలో ఆయనకు బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవి దొరికింది. దానికి 'స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్' అని పేరు పెట్టారు. లాటిన్‌లో 'ఆరమ్' అంటే బంగారం, కనుక ఆ పేరు 'స్వర్ణకారి' అన్నమాట. అది స్రవించిన మందుకు 'ఆరియోమైసిన్' అని నామకరణం చేసి 1948లో లోకానికి ప్రకటించారు.

అప్పుడు లెడర్లేలో పరిశోధనకు సారథి భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆరియోమైసిన్‌ను సుబ్బారావు గారే కనిపెట్టారని మన పత్రికలలో తరచుగా వ్రాస్తుంటారు. మట్టిలో దానిని పట్టుకున్నది డగ్గర్. అటువంటి అన్వేషణకు ప్రయోగశాలలో చోటు కల్పించి, నడిపించినది సుబ్బారావు గారు. ఆయన గొప్పతనానికి ఈ మాట చాలు, అతిశయోక్తి అవసరం లేదు. మందు వెలుగు చూసిన 1948లోనే, ఆగస్టు నెలలో, ఆయన కన్నుమూశారు. తర్వాత దాని ప్రయాణం ఎటు సాగిందో చూడలేదు.

పెన్సిలిన్‌కు లొంగని వ్యాధులెన్నింటినో ఈ బంగారు మందు లొంగదీసింది. 1950లో ఫైజర్ సంస్థ టెర్రామైసిన్ తెచ్చింది. అదే సంస్థలో లాయిడ్ కోనోవర్ అనే రసాయనవేత్త ఆరియోమైసిన్ అణువులోని క్లోరిన్‌ను తొలగించి టెట్రాసైక్లిన్‌ను తయారుచేశాడు. 1955లో దానికి పేటెంటు వచ్చింది. 'టెట్రా' అంటే నాలుగు, 'సైకిల్' అంటే చక్రం. నాలుగు వలయాల అణువు కనుక మనం చతుర్వలయి అనుకోవచ్చు. 1967లో డాక్సీసైక్లిన్, 1970ల ఆరంభంలో మైనోసైక్లిన్ ఆ వంశంలోనే పుట్టాయి.

టైఫస్ వంటి ప్రాణాంతక జ్వరాల మీద ప్రయోగించిన అస్త్రం కుర్రవాళ్ళ బుగ్గల మీదికి ఎప్పుడు మళ్ళింది? చాలా త్వరగానే. మొటిమల చికిత్సలో యాంటీబయాటిక్ మాత్రల వాడుకను గురించిన వ్యాసం 1951 నాటికే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. దీనిని తేలికగా కొట్టివేయకూడదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాల తరగతి గదుల్లో గడిపినవాణ్ణి. పద్యం కంఠతా వచ్చిన పిల్ల, రాగయుక్తంగా చదవగల పిల్ల, వార్షికోత్సవంలో వేదిక ఎక్కనని భీష్మించుకుని కూర్చోవడం నేనెరుగుదును. కారణం ఎవరికీ చెప్పలేదు కానీ, అరచేయి ఎప్పుడూ చెంప మీదనే ఉండేది. శాస్త్రం దానిని క్షుద్రరోగమన్నా, ఆ వయస్సులో అది క్షుద్రం కాదు. లోతైన మొటిమలు మానిన తర్వాత గుంటలు జీవితాంతం మిగిలిపోతాయి కూడా.

మరి ఈ మాత్రలు పనిచేస్తాయా అంటే, చేస్తాయి. ఒక మోస్తరు నుండి తీవ్రమైన మొటిమలలో ఎరుపు, వాపు, చీము తగ్గుతాయి. ఫలితం కనిపించడానికి సుమారు ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. రోమకూపాలలో నూనెను తిని బ్రతికే 'క్యూటిబాక్టీరియం ఆక్నిస్' అనే సూక్ష్మజీవిని అణచడం వీటి పని. (2016 వరకు దీని ఇంటిపేరు ప్రొపియోనిబాక్టీరియం.) అయితే వాపును చల్లార్చే గుణం కూడా వీటికి స్వతహాగా ఉంది. డాక్సీసైక్లిన్‌ను సూక్ష్మజీవులను చంపలేనంత స్వల్ప మోతాదులో, పూటకు 20 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా ఇచ్చినా మొటిమలు తగ్గాయని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అంటే యాభై ఏళ్ళు వాడిన తర్వాత కూడా మందు ఏ దారిన పనిచేస్తున్నదో తేల్చుకునే ప్రయత్నం సాగుతూనే ఉందన్నమాట!

ఇంకొక సంగతి. ఈ మాత్రలు చర్మంలో నూనె ఊరడాన్ని ఆపవు, రోమకూపం మూసుకుపోవడాన్నీ ఆపవు. అందుకే మాత్ర మానగానే చాలామందిలో మొటిమ తిరిగి వస్తుంది. తిరిగి వచ్చింది కదా అని మళ్ళీ మాత్ర... ఈ విధంగా వారాలు నెలలై, నెలలు ఏళ్ళయ్యాయి. దుష్ప్రభావాల చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

మొదటి సాక్ష్యం పసిపిల్లల పళ్ళు ఇచ్చాయి. 1950ల ఉత్తరార్ధంలో, వేరే జబ్బులకు టెట్రాసైక్లిన్ చాలాకాలం వాడిన పిల్లలకు పళ్ళు పసుపుపచ్చగా, గోధుమరంగుగా రావడం వైద్యులు గమనించారు. కాల్షియం ఎక్కడ పేరుకుంటుంటే అక్కడ ఈ అణువు అంటుకుపోతుంది. పెరిగే ఎముకలోనూ, రూపుదిద్దుకునే పంటిలోనూ కలిసిపోయి మరి వదలదు. అందువల్లనే గర్భిణులకూ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకూ టెట్రాసైక్లిన్ ఇవ్వరాదన్న కట్టడి వచ్చింది. ఆ మరక ఎంత కాలం నిలుస్తుందో చెప్పడానికి ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. సూడాన్ దేశపు నూబియా ప్రాంతంలో క్రీస్తు శకం 350 ప్రాంతం నాటి మానవుల ఎముకలను అతినీలలోహిత కాంతిలో పరీక్షిస్తే టెట్రాసైక్లిన్ మెరుపు కనిపించిందని 1980లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2010లో రసాయన పరీక్ష దానిని ధ్రువపరచింది. ధాన్యంతో కాచిన బీరులో ఆ సూక్ష్మజీవి పెరిగి ఉంటుందని వారి ఊహ. పదహారు వందల ఏళ్ళ తర్వాత కూడా ఎముక ఆ లెక్క మరచిపోలేదు!

ఈ కాల్షియం స్నేహమే మరొక నియమానికి మూలం. పాలతోనూ, ఐరన్ బిళ్ళలతోనూ, పుల్లత్రేన్పులకు వేసుకునే మందులతోనూ కలిపి మింగితే టెట్రాసైక్లిన్ వాటికే అంటుకుని రక్తంలోకి సరిగా చేరదు.

ఇక మొటిమల కోసం వాడే యువతకు ఎదురయ్యేవి చూద్దాం. వికారం, కడుపునొప్పి, విరేచనాలు సామాన్యం. డాక్సీసైక్లిన్ మాత్రను గుక్కెడు నీళ్ళతో మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. గ్లాసెడు నీళ్ళు త్రాగి, కొంతసేపు నిటారుగా కూర్చోమనడం అందుకే. ఆ మందు వాడేవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. రోహిణీకార్తె ఎండలు తెలిసిన మనకు దీనిని వేరే వివరించనక్కరలేదు. స్త్రీలలో యోనిమార్గంలో ఫంగస్ పెరిగి దురద కలగవచ్చు. మైనోసైక్లిన్ కొందరికి తల తిప్పిస్తుంది. దీర్ఘకాలం వాడితే పాత మచ్చల చోట నీలిబూడిద రంగు తేలుతుంది. అరుదుగా కాలేయవ్యాధి, లూపస్ వంటి కీళ్ళనొప్పుల వ్యాధి వస్తాయి. ఈ వంశంలో ఏ మందైనా అరుదుగా తలలోపలి పీడనాన్ని పెంచవచ్చు. విడువని తలనొప్పి, చూపు మసకబారడం దాని గుర్తులు. అటువంటప్పుడు ఆలస్యం చేయరాదు. ఐసోట్రెటినాయిన్ మందుతో పాటుగా వీటిని వాడకూడదనడానికి కూడా ఇదే కారణం.

క్లిండామైసిన్ కథ మరీ గుణపాఠం. 1970లలో దానిని మొటిమలకు మాత్రగా కూడా ఇచ్చారు. కొందరిలో తీవ్రమైన పెద్దప్రేగు వాపు కనిపించింది. ప్రేగులోని మంచి సూక్ష్మజీవులు నశించినచోట క్లాస్ట్రిడియం డిఫిసిలే అనే దుష్టజీవి విజృంభించడమే దానికి కారణమని 1978లో తేలింది. నాటి నుండి మొటిమల చికిత్సలో ఆ మందు ప్రధానంగా పైపూతకే పరిమితమయింది.

ఇవన్నీ వ్యక్తికి కలిగే కష్టాలు. అందరికీ కలిగేది మరొకటి ఉంది. 1970ల చివరికల్లా మందుకు లొంగని మొటిమ సూక్ష్మజీవులు బయటపడ్డాయి. తర్వాత దేశదేశాలలో కనిపించాయి. మాత్ర ఎన్నడూ మింగని ఇంటివారి చర్మం మీద కూడా అవి దొరికాయి. మాత్ర చేరేది రోమకూపానికి మాత్రమే కాదు కదా! గొంతులో, ప్రేగులో ఉన్న సూక్ష్మజీవులన్నీ నెలల తరబడి ఆ పాఠం నేర్చుకుంటాయి. నేను చెప్పిన పాఠాలు నా విద్యార్థులు మరచిపోయారేమో కానీ, సూక్ష్మజీవి తాను నేర్చినదాన్ని పొరుగుజీవికి కూడా నేర్పుతుంది.

2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటిష్ పరీక్ష ఇక్కడ చెప్పుకోదగినది. 649 మందికి 18 వారాల పాటు వేర్వేరు చికిత్సలు ఇచ్చి చూశారు. చౌకగా దొరికే బెంజాయిల్ పెరాక్సైడ్ పైపూత, ఓ మోస్తరు మొటిమల విషయంలో, మింగే యాంటీబయాటిక్‌లకు ఇంచుమించు సాటిగా నిలిచింది. పైగా ఆ పూతకు సూక్ష్మజీవులు నిరోధకత తెచ్చుకోలేదు. సుశ్రుతుని మొదటి దారి, పైపూత దారి, మరొక రూపంలో గెలిచిందనిపించింది నాకు.

తర్వాత కట్టడులు గట్టిపడ్డాయి. యాంటీబయాటిక్ మాత్రను ఒంటరిగా ఇవ్వవద్దు, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి పూతను జోడించండి, వీలైనంత త్వరగా మాన్పించండి అని అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2016లోనూ 2024లోనూ చెప్పింది. పన్నెండు వారాలకు పునఃపరిశీలించాలనీ, అసాధారణ పరిస్థితిలో తప్ప ఆరు నెలలు దాటరాదనీ బ్రిటన్ మార్గదర్శకాలు 2021లో నిర్దేశించాయి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన సారెసైక్లిన్ అనే కొత్త సంతానం ప్రేగులోని జీవులను తక్కువగా బాధించేటట్లు ఎంచుకున్నది. మాత్ర ఆపిన తర్వాత పూతను కొనసాగించడం నేటి పద్ధతి.

మన దేశంలో ఈ మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని చట్టం. చీటీ లేకుండా దొరకడం మాత్రం మనకు తెలియని సంగతి కాదు. పెళ్ళి చూపులకు ముందు ఒక నెల, కాలేజీ ఫంక్షనుకు ముందు ఇంకొక నెల, అక్క వాడి మిగిల్చినవి చెల్లెలికి... ఈ పద్ధతిలో మందు పూర్తి మేలూ చేయదు, కీడు మాత్రం చేస్తుంది. ఇదే డాక్సీసైక్లిన్ ఆంధ్రదేశంలో పొలాలలో, పొదలలో తిరిగేవారికి చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ప్రధానౌషధం. సకాలంలో పడితే ప్రాణం నిలుపుతుంది. ఒకరి చెంప మీది ముల్లుకూ, మరొకరి ప్రాణానికీ ఒకే సీసాలోని మందు!

కాబట్టి మొటిమతో కుమిలిపోయే పిల్లవానికి మందు వద్దని నేననను. అతనికది కావలసి రావచ్చు. ఎన్నాళ్ళు, దేనితో కలిపి, ఎప్పుడు ఆపాలి అన్న మూడు ప్రశ్నలు మొదటి రోజే వైద్యుని అడగమని మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పాలి. ఆ ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. ఎందరో పిల్లల పళ్ళ మీదా, యువకుల మచ్చల మీదా డెబ్భై ఏళ్ళుగా వ్రాయబడిన పాఠం అది. భీమవరం బిడ్డ సారథ్యంలో మట్టి నుండి తీసిన బంగారం. బంగారాన్ని ఎలా ఖర్చు పెట్టాలో తెలుగు ఇల్లాలికి వేరే చెప్పాలా?

స్వస్తి.