కోత ఎక్కడ పడాలి?

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఆంధ్ర, కర్ణాటక సరిహద్దుల చేరువలో ఉన్న ఊరు వేప్పనపల్లి. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో తమిళం. 2006 నాటి తమిళనాడు చట్టంతో బడిలో ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి పాఠమైంది. ఇలాంటి చోట పాత తెలుగు పుస్తకం కావాలంటే చాలామందికి ఫోనే దిక్కు. ఆ పుస్తకం ఫోన్ దాకా వచ్చిన దారిలో, పెద్ద ఫైలును ముక్కలు చేసే విద్యకు యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1970ల తొలినాళ్లలోనే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ‘స్ప్లిట్’ అనే కమాండ్ ఉండేది. వేరే ఏమీ చెప్పకపోతే వెయ్యి పంక్తులకో ముక్క చేస్తుంది. పంక్తి చివరే కోస్తుంది కాబట్టి ఏ ముక్కకా ముక్క చదువుకోవచ్చు. తర్వాత ఫ్లాపీల కాలం. ఒక్కోదానిలో పట్టేది 14,74,560 బైట్లు. మూడు కోట్ల బైట్ల స్కాన్ పుస్తకానికి 21 ఫ్లాపీలు కావాలి. హెచ్‌జేస్ప్లిట్ లాంటి సాఫ్ట్‌వేర్ .001, .002 అని వరుస పేర్లు పెట్టి కోసేది. దానికి బైట్ల లెక్కే తప్ప లోపల ఏముందో పట్టదు. తొమ్మిదో ఫ్లాపీ చెడితే మిగతా ఇరవై చేతిలో ఉన్నా పుస్తకం చాలాసార్లు తెరుచుకోదు.

ఈ కోత తెలుగుకు మరీ గట్టిగా తగులుతుంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మూడు, ఒత్తు రావాలంటే నడుమ పొల్లుకు ఇంకో మూడు. ‘వేప్పనపల్లి’ అని రాస్తే 33 బైట్లు. పదో బైటు దగ్గర కోసి చూడండి. మొదటి ముక్కలో ‘వేప’ దాకా బాగానే ఉంటుంది, ఆపైన పొల్లు తెగి ప్రశ్నార్థకం కనబడుతుంది. రెండో ముక్కలో అలాంటి చెత్త తర్వాత ‘పనపల్లి’ వస్తుంది. వరుస తప్పకుండా కలిపితే పేరు చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది.

కోత ఎక్కడ పడాలో ఎరిగిన పని భారత డిజిటల్ లైబ్రరీది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో అదొక భాగం. అక్కడ పేజీకో టిఫ్ ఫైలు ఉండేది. నెట్ నత్తనడక నడిచే రోజుల్లో నలభయ్యో పేజీ కావాలంటే అదొక్కటే దించుకునే వీలుండేది. ఒకటి చెడితే పోయేది ఆ పేజీయే. పూర్తి పుస్తకం కావలసినవాళ్లు పేజీలన్నీ దించి పీడీఎఫ్‌గా కుట్టుకునేవారు. నా దృష్టిలో తెలుగుకు జరిగిన గొప్ప మేళ్లలో ఇదొకటి.

ఇప్పుడు సరైన చోట కోసే ఆ అవసరం వీడియోలకు వచ్చింది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన మెమరీ కార్డు 4 జీబీ మించిన ఫైలును పట్టదు. రాత్రంతా సాగే భారతం ఆటను తీస్తుంటే, నటుడు పద్యం మధ్యలో ఉన్నా సరే, కెమెరా కొత్త ఫైలు మొదలుపెట్టేస్తుంది. తీసినవాళ్లు ముందు ఆ ముక్కలను వరుసగా కలపాలి. తర్వాత అర్జునుడి తపస్సు ఒకటి, పద్దెనిమిదో రోజు యుద్ధం ఒకటి, ఇలా ఘట్టాలవారీగా కోసి, ఊరి పేరు, తేదీ పెట్టి దాచాలి.