మిజో కొండల్లో గ్రామాల తరలింపు: అదుపు, దాని మూల్యం

అంతర్గత సాయుధ సంఘర్షణలో రాజ్యం ఒక ప్రాంతాన్ని అదుపులోకి తెచ్చుకుందంటే అర్థమేమిటి? సైన్యం అక్కడ నిలవడం ఒక్కటే కాదు. ప్రజలు ఎక్కడ ఉండాలో, ఎక్కడ సాగు చేయాలో, ధాన్యం ఎక్కడ దాచాలో కూడా రాజ్యమే నిర్ణయిస్తుంది. మిజో కొండల చరిత్రలో దీన్ని మీరు స్పష్టంగా చూడవచ్చు.

నేపథ్యం

1959లో వెదురు పూసి, ఎలుకలు పెరిగి, పంటలు నాశనమై 'మౌతామ్' కరవు వచ్చింది. అప్పటి అస్సాం ప్రభుత్వం సకాలంలో ఆదుకోలేదన్న ఆగ్రహం ప్రబలింది. 1961లో లాల్‌డెంగా నాయకత్వంలో మిజో నేషనల్ ఫ్రంట్ ఏర్పడింది. 1966 ఫిబ్రవరి 28న సాయుధ తిరుగుబాటు మొదలైంది. మార్చిలో ఐజాల్‌పై వైమానిక దాడులు జరిగాయి.

తరలింపు విధానం

పట్టణాలు సైన్యం చేతికి వచ్చినా, తిరుగుబాటుదారులకు తిండి, ఆశ్రయం, సమాచారం పల్లెల నుంచి అందుతూనే ఉన్నాయి. ఈ సంబంధాన్ని తెంచడానికి 1967 జనవరిలో ప్రధాన రహదారి వెంట పల్లెలను ఒకచోట చేర్చడం ప్రారంభించారు. మలయాలో బ్రిటిష్‌వారు 1950లో చేపట్టిన పథకం దీనికి నమూనా. తెలంగాణ సాయుధ పోరాటం చివరి దశలో గోదావరి అడవుల్లోని కోయ పల్లెలను శిబిరాలకు తరలించిన సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోండి.

మిజో కొండల్లో 1970 నాటికి ఐదు వందలకు పైగా పల్లెలను సుమారు నూట పది కేంద్రాల్లోకి చేర్చారు. చుట్టూ కంచె, గుర్తింపు కార్డులు, రాత్రి కర్ఫ్యూ, రేషన్ బియ్యం అక్కడి నిత్యజీవితమయ్యాయి. ఖాళీ చేసిన ఇళ్లను తగులబెట్టారు. డార్జో అనే పల్లెలో ఇష్టపూర్వకంగానే వెళ్తున్నామని పెద్దలచేత బలవంతంగా సంతకాలు చేయించిన ఉదంతాన్ని ఐ.ఏ.ఎస్. అధికారి విజేంద్రసింగ్ జాఫా గ్రంథస్థం చేశారు.

ఫలితాలు

మిజోలది పోడు వ్యవసాయం. ఏటా కొండవాలు మార్చుకుంటూ సాగు చేయాలి. కర్ఫ్యూ వేళకు తిరిగి రావలసినవారు దూరపు పొలాలకు ఎలా వెళ్లగలరు? సాగు తగ్గింది, తమ తిండి తామే పండించుకున్న కుటుంబాలు రేషన్‌పై ఆధారపడ్డాయి.

తరలింపు వల్ల తిరుగుబాటుదారులకు సరఫరాలు తగ్గిన మాట నిజమే. కాని వారి నాయకత్వం 1971 వరకు తూర్పు పాకిస్తాన్‌లో ఆశ్రయం పొందింది. చివరకు 1986 జూన్ 30న కుదిరిన ఒప్పందమే శాంతికి దారితీసింది. 1987 ఫిబ్రవరిలో మిజోరం రాష్ట్రమైంది. కంచె వల్ల రాజ్యానికి అదుపు దొరికింది. ప్రజల అంగీకారం మాత్రం సంప్రదింపుల ద్వారానే లభించింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పల్లెలను రహదారి వెంటనే ఎందుకు చేర్చారు?
2. తరలింపు పోడు వ్యవసాయాన్ని ఎలా దెబ్బతీసింది?