షోలాపూర్‌లో మన ఇల్లు, మన మగ్గం

నిజాం ఇలాకా నుంచి షోలాపూర్ వచ్చిన మన పద్మశాలీ పెద్దలు సాకర్ పేఠ వైపు ఇల్లు వెతికితే ముందు మగ్గం పట్టే జాగా చూసేవారు. పడక సంగతి తర్వాత! ఇల్లూ కార్ఖానా ఒకటే కాబట్టి కిరాయి కూడా మగ్గమే కట్టేది.

1877లో మొదలైన జూనీ మిల్లు 1960లలో మూతపడింది. చాదర్లు, తువ్వాళ్ల పవర్‌లూములు ఊరిని నిలబెట్టాయి గానీ, నేతకూలి మీద ఊళ్లో జాగా కొనడం మనవాళ్లలో ఎక్కువమందికి అందలేదు. ఇల్లు ఇప్పించింది ఆడవాళ్ల బీడీ పనే.

ఆడం మాస్టర్ వెంట మన అక్కలు, వదినెలు ఏళ్లకేళ్లు మోర్చాలు తీశారు. కుంభారిలో 10,000 ఇళ్ల గోదూతాయి పరులేకర్ ఘర్కుల్ అలా వచ్చింది. ఇంటికి 60,000 రూపాయలు: కేంద్రం 20,000, రాష్ట్రం 20,000, బీడీ చుట్టే ఆమె 20,000. 2006లో మన్మోహన్ సింగ్ వచ్చి ఇచ్చారు. తర్వాత 30,000 ఇళ్ల రేనగర్. అందులో 15,000 ఇళ్లు 2024 జనవరిలో మోదీ చేతుల మీదుగా అందాయి. ఎర్రజెండా సంఘం అడిగిన ఇళ్లకు ఇద్దరు ప్రధానులు రావడం చిన్న విషయమా?

అయితే ఊళ్లో జాగా చవకై దొరికిన ఇళ్లు కావివి. చవక జాగా కోసం మనమే ఊరు దాటాం. ఊళ్లో పని ఉన్నవాళ్లకు రోజూ బస్సు కిరాయి కూలిలోంచే పోతుంది. పైగా రేనగర్‌వి అంతస్తుల ఇళ్లు. అక్కడ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోవచ్చు, పవర్‌లూము మాత్రం పట్టదు.