యమునా కాలువయు నేలచెమ్మయు

కర్నాలు, పానిపట్టుల పేరు వినగానే చరిత్ర చదివినవారికి యుద్ధములు జ్ఞప్తికి వచ్చును. నేడు జాతీయ రాజధాని ప్రాంతమున చేరిన ఆ సీమలోనే నీటికిని నేలకును మధ్య మరియొక పోరు నడచినది. యుద్ధములలో వలె అందును ప్రజలు నశించిరి. కాని దానికి జయస్తంభములు లేవు.

ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్ది మధ్యభాగమున యమున నుండి హిస్సారునకు కాలువ త్రవ్వించెను. షాజహాను కాలమున అలీ మర్దాన్ ఖాన్ పర్యవేక్షణమున ఢిల్లీకి శాఖ వచ్చెను. ఆ నీరు చాందినీ చౌకు నడుమ పారి, ఎర్రకోట మండపములలో ‘నహరె బిహిష్త్’, అనగా స్వర్గపు కాలువ, అను పేరు గాంచెను. 18వ శతాబ్దిలో ఏలుబడి సడలెను. దానితో పూడికతీతయు సడలి, స్వర్గపు కాలువ ఎండెను. ఈస్టిండియా కంపెనీ ఇంజనీర్లు 1817లో దాని పునరుద్ధరణకు పూనుకొని, 1820లో ఢిల్లీకి మరల నీరు రప్పించిరి.

చిక్కంతయు పాతదారినే పట్టుటలో నున్నది. ఆ దారి చాలచోట్ల పల్లపు నేలల వెంబడి, వాననీరు సహజముగా జారిపోవు వాగుల మీదుగా సాగినది. కాలువకట్టలు ఆ నీటికి అడ్డుపడెను. అదియు గాక, యమున హిమాలయముల నుండి తెచ్చు ఒండ్రు, ప్రవాహము మందగించిన చోట మేటవేయును. కాలువ అడుగు లేచిన కొలది కట్టలు ఎత్తు చేయవలసి వచ్చును; కట్టలు ఎత్తైన కొలది నీరు పొలముల కంటె మీదిమట్టమున నిలిచి ఊటగా దిగును. బావులలో నీరు పైకి వచ్చుట రైతునకు మొదట భాగ్యముగనే తోచును. తరువాత నేల జాలుపట్టును. నీటిమట్టము మరింత చేరువైనచో, దీపపువత్తి నూనెను పీల్చినట్లు మట్టి ఆ చెమ్మను పైకి పీల్చును. ఎండకు నీరు ఆవిరియై పోగా లవణము తెల్లగా పైన మిగులును. మనము చౌడు అనుదానిని అచటివారు ‘రేహ్’ అందురు.

చౌడుతో పాటు చలిజ్వరము వ్యాపించెను. కర్నాలు దండు విడిది నివాసయోగ్యము గాక, 1840 దశాబ్ది ఆరంభమున దానిని విడిచిపెట్టిరి. అప్పుడు గంగా కాలువ నిర్మాణము తలపెట్టబడియుండెను. అచటను ఇట్టి గతియే పట్టునా యను భయము కలిగి, ప్రభుత్వము 1845లో ఇంజనీర్లు బేకర్, యూల్, వైద్యుడు డెంప్‌స్టర్ అను ముగ్గురిని విచారణకు నియమించెను.

జ్వరకారణమే తెలియని కాలమున ఏ ఊరిలో ఎంత జ్వరమున్నదో కొలుచు టెట్లు? డెంప్‌స్టర్ ఒక ఉపాయము కనిపెట్టెను. తరచు చలిజ్వరము వచ్చినవారికి ప్లీహము పెరుగును. మన పల్లెలలో కడుపులో బల్ల అనునది అదియే. ఊరూర జనుల కడుపులు తడిమి, బల్ల గలవారిని లెక్కించిరి. ఆ లెక్క ప్రక్కనే మట్టి స్వభావము, మురుగు పోవు వీలు, బావులలో నీటి లోతు వ్రాసిరి. బరువునేలలో వాననీటి దారి మూసుకొనిపోయిన చోట రోగము హెచ్చు. తేలికనేలలో నీరు చక్కగా జారిపోవు చోట కాలువ వలన కీడు తక్కువ. కంటికి కానరాని నేలచెమ్మకు ఆ విధముగా మనుష్యశరీరములే కొలబద్దలైనవి. ఈ యూలే తరువాత మార్కోపోలో యాత్రలకు వ్యాఖ్యాతయై, ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటుకర్తలలో నొకడై ప్రసిద్ధి కెక్కెను. ఆయన పాండిత్యమును మెచ్చువారిలో ఈ కర్నాలు పల్లెల లెక్క నెరిగినవారు కొద్దిమందియే.

చిత్తడినేలల చెడుగాలియే జ్వరహేతువని ఆనాటివారి నమ్మకము. అది తప్పని తేల్చిన పరిశోధన తెలుగుసీమకు దగ్గరిదే: 1897లో సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. హేతువు తప్పైనను పల్లెల లెక్క తప్పు కాలేదు.

1847లో నివేదిక వెలువడెను. 1854లో తెరచిన గంగా కాలువ ప్రధానముగా మిట్టనేల వెన్ను వెంబడి నడచెను. యమునా కాలువ మాత్రము పెక్కేండ్లు పాతదారిలోనే పారెను. 1872–80 నడుమ కర్నాలు, పానిపట్టు భూముల పన్ను నిర్ణయించిన ఇబ్బెట్‌సన్, జాలుపట్టి చౌడెక్కిన కాలువపల్లెల దుస్థితిని వర్ణించెను. బల్లలు లెక్కించుటలో చూపిన శ్రద్ధ కాలువ మరలించుటలో చూపలేదనుట అన్యాయము కాదు. 19వ శతాబ్ది చివరి దశాబ్దములలో గాని దారి సవరణయు, మురుగుకాలువల త్రవ్వకమును సాగలేదు.

చౌడునేలల పరిశోధనకు 1969లో కేంద్రసంస్థ కర్నాలులోనే వెలసినది. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ఎగసిన నైసార్ ఉపగ్రహము రాడారు తరంగములతో నేలచెమ్మను పసిగట్టుటకును ఉద్దేశింపబడినది. అయితే ఆ తరంగములు తెలుపునది మట్టి పైపొర తడిని మాత్రమే. బేకరు సంఘము ఊరూర వ్రాసికొన్న బావినీటి లోతును నేడును నేలమీద నిలిచియే కొలువవలసి యున్నది.